తాళంచెవి తిరిగిచ్చిన కథ

నా జీవితంలోకెల్లా గొప్ప బేరం డిగ్రీ రెండో ఏడాదిలో చేశాను. మా ఇంటి కథ ఇచ్చి స్నేహితురాలి ఇంటి కథ తీసుకున్నాను. అంతకన్నా తెలివితక్కువ బేరం రాయచూరు బజారులో ఇంకెవరూ చేసి ఉండరు, ఆ ఘనత నాదే.

హిస్టరీ మేడం పెట్టిన షరతు అది. నిజాం రాజ్యం పోయిన రోజుల గురించి ఇంకొకరి ఇంట్లో పెద్దవాళ్లను అడగాలి, విన్నది వాళ్ల భాషలోనే క్లాసులో చెప్పాలి. నా స్నేహితురాలిది ఉర్దూ ఇల్లు. మా బట్టల దుకాణం గల్లా పక్కన పెరిగినదాన్ని, ఉర్దూ నాకు ఖర్చు లేకుండానే వచ్చింది. ఆమె తెలుగేమో తడబాటు. కష్టం ఆమెది, చప్పట్లు నావి అనుకున్నాను.

పైగా మా కథ మేలిమి సరుకు. ఆ గడబిడలో పక్క దుకాణం సాహెబు ఊరు విడిచి వెళ్తూ తాళంచెవి మా తాతకు అప్పగించాడు. ఆయన వచ్చేదాకా తాత దాన్ని మొలతాడుకు కట్టుకుని తిరిగాడు, రాగానే చేతిలో పెట్టాడు. ఏటా దీపావళికి దుకాణంలో లక్ష్మీపూజ అయ్యాక ఆ కథ చెప్పేది నేనే.

క్లాసులో ముందు నా వంతు. వాళ్ల నానమ్మను చిన్నప్పుడు గబ్బూరు వైపు ఒక రైతు తన జొన్నల బస్తాల వెనక దాచిన సంగతి చెప్పాను. చప్పట్లు వచ్చాయి.

తర్వాత ఆమె లేచింది. తాళంచెవి దాకా మా కథే. ఆపైన ఒక్కో మాట వెతుక్కుంటూ అంది: "సాహెబు వచ్చిండు. తాళం తీసిండు. లోపల ఏం లేదు. మాల్ అంతా తాత అమ్ముకున్నడు."

బయటికి రాగానే పట్టుకున్నాను. "ఏందే గిది? నాకు ముందు చెప్పొద్దా?"

"చెప్తే బేరమాడుతవు. సగం తీసెయ్యమంటవు."

ఇంటికెళ్లి అవ్వను, అంటే మా నానమ్మను, నిలదీశాను. అవ్వ తమలపాకు ఈనె తీస్తోంది.

"అది చెప్పింది నిజమేనా?"

"నిజమే. నేను కొత్త కోడల్ని అప్పుడు. నా మొదటి దీపావళి చీర ఆ మాల్‌లదే."

"మరి నాకెందుకు చెప్పలే? బయటి పిల్లకు చెప్తివి, గదీ ఉర్దూల."

"ఆ పిల్ల అడిగింది, లోపల మాల్ ఏమైందని. దుకాణపోళ్ల బిడ్డవు నువ్వు. ఇన్నేండ్లల ఒక్కపారన్న అడిగినవా?"

ఆ దీపావళికి నాన్న కథ చెప్పమన్నాడు. గొంతు బాగాలేదన్నాను. నాన్నే చెప్పాడు, తాళంచెవి చేతిలో పెట్టడం దగ్గర ఆపాడు. అవ్వ నా వైపు చూడలేదు.

ఇక చివరి లెక్క. స్నేహితురాలు విన్నది విన్నట్టు చెప్పింది, ఆమెతో మాట్లాడటం మానేశాను. అవ్వ అడిగినదానికి జవాబిచ్చింది, ఆమె పక్కన పడుకోవడం మానేశాను. మోసం చేసినాయన గల్లా పైన ఫోటోలో ఉన్నాడు. పొద్దున్నే ఆయనకు దండ మార్చేది ఇప్పటికీ నేనే.