ఫోన్‌కి కుట్టిన సంచి

కుట్టుపనమ్మ ఆఖరుగా చేసిన పని ఎదురింటి మాస్టారి చొక్కాకి కాలరు తిరగేసి కుట్టడం. అరిగిన వైపు లోపలికి పోయింది, బాగున్న వైపు పైకొచ్చింది. ఇక దారం తెంపడమే మిగిలింది.

అంతకు కొన్నాళ్ల ముందు ఆవిడకు గుండెనొప్పి వచ్చి తగ్గింది. "మళ్లీ ఛాతీ బరువెక్కితే వెంటనే మీ అమ్మాయికి ఫోన్ కొట్టండి" అన్నాడు డాక్టరు. కూతురు కొత్త ఫోన్ కొనిచ్చి, తన ఫొటో నొక్కితే చాలు, కాల్ వెళ్లేలా పెట్టింది.

అమ్మకు ఆ ఫోనంటేనే దడ పట్టుకుంది. నల్లగుడ్డ మీద నల్లదారం కంటికి ఆనక, ఉచితమని కనబడిన టార్చి యాప్ ఒకటి వేసుకుంది. అది అడిగినవాటికల్లా సరే, సరే అని నొక్కింది. ఇక అక్కణ్నుంచి ఫోన్ దానంతటదే వెలగడం మొదలుపెట్టింది. తెరంతా ఎర్రగా, "అపాయం! మిమ్మల్ని ఎవరో చూస్తున్నారు" అని. వెంట సైరన్ మోత. మూసే గుర్తేమో ఆవగింజంత. వేలు కాస్త పక్కన పడితే ఇంకో ప్రకటన.

"ఎవరే చూసేది?" అంది అమ్మ, ఫోన్‌కి వినబడకుండా గొంతు తగ్గించి.

"ఎవరూ లేరమ్మా. ఉత్త ప్రకటనలు."

"నీకేం, ఎన్నయినా చెప్తావు. ఇందాక ఓ పిల్లకి కొలతలు తీస్తుంటే కూసింది. ఆ పిల్ల హడలిపోయి టేపుతో సహా పరిగెత్తింది!"

కూతురు ఫోన్ తీసుకుని చాలాసేపు తిప్పి చూసింది. ఆ పూట అది ఒక్కసారీ కూయలేదు.

మళ్లీ వచ్చేసరికి అమ్మ ఫోన్‌కి సంచి కుట్టేసింది. కోటు లైనింగు, మధ్యలో మందంగా దూది, బిగువు కాజాలకు నాలుగు బొత్తాలు.

"ఏంటమ్మా, ఫోన్‌కి చలేస్తోందా?"

"నవ్వవే, నవ్వు. దాని కళ్లు మూస్తేగానీ నా కంటికి కునుకు రావట్లేదు."

కొన్నాళ్లకు ఒక రోజు కూతురు ఎన్నిసార్లు చేసినా అమ్మ ఫోనెత్తలేదు. దూదిలో వినబడలేదేమోలే అని తనకు తనే చెప్పుకుంది. అయినా ఆటో ఎక్కి వచ్చేసింది. తలుపు దగ్గరగా వేసుంది. మిషను చక్రం కదలడం లేదు. అమ్మ దానిమీదే ఒరిగిపోయి ఉంది, చేతిలో సంచి. మూడు బొత్తాలు విప్పి ఉన్నాయి. నాలుగోది కాజాలోనే ఉంది.

కర్మలన్నీ అయ్యాక, అందులో ఉన్న అమ్మ ఫొటోలు తీసుకుందామని కూతురు ఆ ఫోన్ పట్టుకుని ఫోన్ల దుకాణానికి వెళ్లింది. దుకాణాయన ఒక్క యాప్ తీసేశాడు.

"ఈ టార్చి వల్లేనండీ ఆ గోలంతా. వెలుగిచ్చేదానికి మన నంబర్లూ ఫొటోలూ ఎందుకు చెప్పండి? అవి అడిగిందంటే అక్కడే వదిలేయాలి."

"అమ్మకి నల్లగుడ్డ మీద దారం కనబడ్డానికి వెలుగు కావాల్సొచ్చిందండీ."

ఆయన తెరమీద వేలితో పైనుంచి కిందికి లాగి, చిన్న దీపం బొమ్మ నొక్కాడు. బల్లమీద తెల్లటి వెలుగు పడింది.

"ఇది కొన్ననాటినుంచీ ఇందులోనే ఉందండీ."