కాశీలో వదిలిన అనాస

మా అమ్మ కాశీలో వదిలేసిన అనాసపండును మళ్ళీ ఆమె నోటికి అందించింది మా వదిన కాదు, నేను. ఆ రోజే ఈ మాట చెప్పి ఉంటే అక్కడితో పోయేది. చెప్పలేదు. తరవాత ఎన్నోసార్లు వీలు దొరికినా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నది నన్ను మెచ్చుకోమని కాదు. మా బంధువుల ఇళ్ళలో ఈ సంగతి ఇంకా వదిన పేరు మీదే తిరుగుతోంది.

కాశీకి వెళ్ళినవాళ్ళు ఒక పండో కూరో అక్కడ వదిలేసి వస్తారు. ఇక జన్మలో దాన్ని ముట్టరు. చాలామంది తెలివిగా ఎటూ తినని కాకరకాయనో, మన వైపు దొరకని పండునో వదులుతారు. నాన్న పోయిన మరుసటి ఏడు అన్నయ్య, వదిన అమ్మను తీసుకెళ్ళారు. అమ్మ అనాస వదిలింది. అనాస తొక్క తీస్తుంటే ఆ వాసనకే వంటింట్లోకి వచ్చి నిలబడే మనిషి ఆమె.

"అదేంటమ్మా, పోయి పోయి అదే వదిలావు?" అన్నాను.

"ఇష్టం లేనిది వదిలితే వదిలినట్టు ఎట్లా అవుద్దిరా" అంది.

నాకు విజయవాడ వన్ టౌన్‌లో చిన్న హోల్‌సేల్ దుకాణం. బేకరీలకూ కేటరింగ్ వాళ్ళకూ కస్టర్డ్ పొడి, ఎసెన్సులు, పంచదార పాకంలో నిలవ చేసిన పళ్ళ టిన్నులు వేస్తుంటాను. వేసవిలో గోడౌన్‌లో అట్టపెట్టెలు దించి ఇంటికి చేరేసరికి మాట్లాడే ఓపిక కూడా ఉండదు. టిన్నుల సంగతి మాత్రం బాగా తెలుసు. డబ్బా మూసి వేడి చేస్తారు కాబట్టి పండు నెలల తరబడి చెడదు. ఆ వేడికే సి విటమిన్ కొంత పోతుంది. పాకం వంచేసి ముక్కల్ని నీళ్ళలో జాడిస్తే పంచదార కాస్త తగ్గుతుంది గానీ, ముక్క లోపలికి ఇంకింది బయటికి రాదు. వంచిన పాకాన్ని వంటవాళ్ళు పారబోయరు, కేకు మెత్తబడటానికి దాని మీద చల్లుతారు. పచ్చి అనాస పాలల్లో వేసి ఉంచితే పాలు విరిగి చేదెక్కుతాయి. టిన్నులోది వేస్తే ఏమీ కాదు, అది ముందే ఉడికింది కనుక. పెళ్ళిళ్ళ ఫ్రూట్ సలాడ్‌లో టిన్ను అనాస వేసేది అందుకే. పైన ఎర్రగా కనబడే చెర్రీ కూడా చాలాసార్లు రంగు వేసిన వాక్కాయే. అడిగినవాళ్ళకు ఇవన్నీ చెబుతాను. అడగనివాళ్ళకు అమ్ముతాను.

ఒక వానాకాలం అమ్మకు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక అన్నం సయించలేదు. గంజి తప్ప ఏదీ మింగడం లేదని పామర్రు నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. మర్నాడు రకరకాల పళ్ళ ముక్కలు కలిపిన టిన్ను ఒకటి సంచిలో వేసుకుని బస్సెక్కాను. మెత్తగా ఉంటాయి, నమలక్కర్లేదు, తియ్యగా ఉంటే ఒంట్లోకి కాస్త శక్తి వస్తుందని నా ఆలోచన.

వదిన పాలు కాచి కస్టర్డ్ చేసి చల్లార్చింది. నేను టిన్ను కోసి గిన్నెలో వంచాను.

"ఏమయ్యా, ఇందులో అనాస ఉంటదేమో. అత్తయ్య ముట్టదు కదా" అంది వదిన.

"ఉంటుంది. నేను ఏరేస్తాలే."

"ఏం ఏరతావు, అన్నీ ఒకే రంగులో ఉంటే?"

"రోజూ చూసే సరుకే కదా వదినా."

"డబ్బా చూస్తావు. లోపల ఏముందో ఎప్పుడన్నా చూశావా?" అని నవ్వి, బట్టలు తీయడానికి డాబా మీదికి వెళ్ళింది.

బొప్పాయి, బేరిపండు, అనాస అన్నీ ఒకే కొలతకు కోసి ఉన్నాయి. పాకంలో నాని ఒకే తీరుగా పాలిపోయాయి. పీచు కనబడిన నాలుగైదు ముక్కలు తీసి పక్కన పెట్టాను. నడుము లాగుతోంది. ముసలావిడ ఒక ముక్క తింటే కాశీ ఏమీ కూలిపోదులే అనుకున్నాను. అనుకుని, మిగతాదంతా కస్టర్డ్‌లో కలిపేశాను.

వదిన వచ్చి "ఏరావా?" అంది.

"ఏరాను."

ఆమె చెంచాతో కాస్త అరచేతిలో వేసుకుని నాలిక్కి రాసుకుంది. "చేదు లేదులే" అని తృప్తి పడింది. అనాస ఉంటే పాలు చేదెక్కుతాయని ఆమెకు తెలుసు. టిన్నుదైతే ఎక్కవని తెలియదు. నాకు తెలుసు.

అమ్మ ఇష్టంగా తింది. మా ముగ్గురికీ ప్రాణం లేచొచ్చినట్టయింది. గిన్నె సగమయ్యాక ఆమె నమలడం ఆపింది. నోట్లో ముక్కను నాలుకతో అటూ ఇటూ తిప్పి, చేతిలోకి తీసి చూసింది.

"ఇది అనాస కదటే అమ్మాయ్" అంది వదినతో.

వదిన నా వైపు చూసింది. నేను ఫోన్ తీసి, ఏదో మెసేజ్ వచ్చినట్టు చూసుకున్నాను.

"తెలియక పెట్టాను అత్తయ్యా" అంది వదిన.

అన్నయ్య ఆమెను గట్టిగా కసిరాడు. నేను ఫోన్ చూస్తూనే ఉన్నాను.

ఆ మాసంలోనే కూచిపూడి దాటాక అన్నయ్య బండి జారి కాలు విరిగింది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరితో అమ్మ "కాశీలో ఇచ్చిన మాట తప్పించారు, ఊరికే పోతుందా" అనేది. ఎవరు తప్పించారో అడగకుండానే వాళ్ళు వంటింటి వైపు చూసేవారు. అప్పటినుంచి అమ్మ ముందు ఏం పెట్టినా ఒకటే ప్రశ్న: "ఇందులో ఏం వేశావమ్మాయ్?" వదిన ఓపిగ్గా ఒక్కొక్కటీ చెప్పేది. కొన్నాళ్ళకు తాను వడ్డించడం మానేసి, కంచం అన్నయ్య చేతికిచ్చి పంపడం మొదలుపెట్టింది.

ఒకసారి చెబుదామనే వెళ్ళాను. పెరట్లో ఆమె ఒక్కతే ఉంది. "వదినా, ఆ రోజు..." అన్నాను. "టీ పెట్టనా?" అంది. తాగి వచ్చేశాను.

మొన్న ఎండాకాలం అన్నయ్య కొడుకు పెళ్ళయ్యాక మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళాను. భోజనాల దగ్గర కొత్త కోడలు అందరికీ పాయసం వడ్డించింది. అమ్మ ఒక్కతే మిగిలితే, చాన్నాళ్ళకు వదిన తానే గరిట పట్టుకుని అమ్మ వైపు ఒక అడుగు వేసింది. అమ్మ ఇంకా ఏమీ అనకముందే ఆ పిల్ల నవ్వుతూ, "ఇందులో ఏం వేశారు అత్తయ్యా?" అంది. చెడ్డ పిల్ల కాదు. ఇంట్లో అందరూ అనే మాటే కదా అని అంది. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వి, "పాలు, సేమ్యా, జీడిపప్పు" అని అప్పజెప్పింది.

కలుపుతున్న ముద్ద వదిలేశాను.

"అమ్మా, ఆ అనాస పెట్టింది వదిన కాదు. నేను" అన్నాను.

అమ్మకు ఇప్పుడు వినికిడి తగ్గింది. రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఏరేస్తానని చెప్పి సగంలో వదిలేశానని, ఏరానని వదినతో అబద్ధం చెప్పానని, ఆమె నన్ను నమ్మి పెట్టిందని చెప్పాను. అన్నయ్య తల వంచుకుని కంచంలో వేలితో గీతలు గీస్తున్నాడు.

అమ్మ నా వైపు తిరిగింది. "ఇన్నేళ్ళూ దాన్ని నా చేత అడిగించావా" అంది. తరవాత, "నాకు చెప్తావేంట్రా. దానికి చెప్పు" అంది.

వదిన అప్పటికే గరిట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. చెయ్యి కడుక్కోకుండానే వెళ్ళాను. పొయ్యి గట్టు తుడుస్తోంది.

"ఇప్పుడెందుకయ్యా ఇదంతా" అంది, తిరిగి చూడకుండా. "నాకు తెలియందా."

"తెలుసని నాకూ తెలుసు వదినా. నువ్వు చెప్పవులే అన్న ధైర్యంతోనే ఇన్నాళ్ళూ బతికాను. నా బద్ధకానికి నువ్వు మాటలు పడ్డావు. తప్పు నాది. నన్ను క్షమించు."