దాచిన రెండు గంటలు

నాలుగేళ్లు నేను రెండు గంటలు దాచిపెట్టుకుని బతికాను. పొద్దున పావు తక్కువ ఏడు నుంచి పావు తక్కువ తొమ్మిది దాకా. ఆ రెండు గంటల్లో ఏం జరిగిందో నాకు తెలుసు, మా అమ్మకు తెలుసు. అమ్మ ఎవరికీ చెప్పలేదు, ఆమెకు మాట పోయింది కనుక. నేనూ చెప్పలేదు. నాకు మాట పోలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఎదుటి మనిషి ముఖం చూస్తూ మాట్లాడటం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. నలుగురున్న చోట అసలే రాదు. చదువుకోవడం, డైరీ రాసుకోవడం, ఇవి రెండే నాకు తేలికగా వచ్చిన పనులు. అమ్మ పూర్తిగా వేరు. జహీరాబాద్‌లో మా గల్లీలో ఆమె జాకెట్లు కుట్టేది. నాన్న పోయాక ఆ మిషను మీదే నన్ను చదివించింది. కుట్టు ఎంత బాగుండేదో మాట అంతకంటే బాగుండేది. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్లు గంటసేపు కూర్చుని పోయేవాళ్లు.

మా ఇద్దరి మధ్య పోట్లాట వస్తే మాత్రం ఒకే పద్ధతి. మాట్లాడం. ముందు ఎవరు నోరు తెరిస్తే వాళ్లు ఓడినట్టు. అన్నం వడ్డిస్తుంది, పళ్లెం కాస్త గట్టిగా పెడుతుంది, అంతే. గిన్నెల చప్పుడును బట్టి కోపం ఎంతుందో నాకు తెలిసేది. ఒకసారి మూడు రోజులు నడిచింది. ప్రతిసారీ అమ్మే ఓడిపోయేది. మాట్లాడకుండా ఉండటం ఆమెకు చాలా కష్టం, నాకు చాలా సులువు. ఆ సులువే నా బలం అనుకునేదాన్ని.

నాలుగేళ్ల కిందట నేను ఒక ప్రైవేటు బడిలో కొత్తగా టీచరుగా చేరాను. వార్షికోత్సవంలో నాలుగు మాటలు మాట్లాడమని పెద్ద మేడమ్ నన్ను అడిగింది. ఎవరికీ చెప్పకుండా పది రోజులు అద్దం ముందు చదువుకున్నాను. నా జీవితంలో మొదటిసారి మాట్లాడాలని నాకే అనిపించింది. ఆ మేడమ్ జాకెట్ కోసం మా ఇంటికి వచ్చినప్పుడు అమ్మ ఆమెతో, మా పిల్లకు భయం, స్టేజీ మీద నిలబెట్టకండి అని చెప్పింది. మంచికే చెప్పింది. మర్నాడు ఆ పని ఇంకో టీచరుకు ఇచ్చేశారు. సాయంత్రం ఇంటికొచ్చి అమ్మతో ఒక్క మాటే అన్నాను. "నా మాట నువ్వెందుకు మాట్లాడినవ్?" అంతే. ఆ తర్వాత ఇద్దరం మాట్లాడలేదు.

తెల్లవారి పావు తక్కువ ఏడు. గంట సరిగ్గా ఎలా తెలుసంటే, డైరీ రాసేటప్పుడు పైన టైము వేసే అలవాటు నాకుంది. కిటికీ దగ్గర కూర్చుని రాస్తున్నాను. అమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని గడపలోకి వచ్చింది. గ్లాసు జారి కింద పడింది. నేను తల ఎత్తాను. అమ్మ తన కుడిచేతిని చూసుకుంటోంది, అది ఎవరిదో అన్నట్టు. నోరు తెరిచింది. ఏదో చప్పుడు వచ్చింది కానీ మాట కాదు. పెదవి ఒక పక్కకు జారి ఉంది.

గమనించలేదని చెప్పుకుంటే ఎంత బాగుండేది. గమనించాను. ఇదేంటి అనుకున్నాను. ఒక్క క్షణం లేవబోయాను కూడా. మళ్లీ కూర్చున్నాను. కోపంతో గ్లాసు పడేసింది, ఇప్పుడు నాతో మాట్లాడించాలని ఇలా నిలబడింది, అని నాకు నేనే చెప్పుకుని తల దించి రాశాను. "ఈసారి నేను ముందు మాట్లాడను. గ్లాసు కూడా పడేసింది." ఇవే నేను రాసిన మాటలు.

తర్వాత ఒలికిన చాయ్ దాటి స్నానానికి పోయాను. తయారయ్యాను. పావు తక్కువ తొమ్మిదికి సంచి భుజాన వేసుకుని బయటికి వస్తుంటే అమ్మ మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. నన్నే చూస్తోంది. ఎడమచెయ్యి ఎత్తింది. నోటితో పిలవకుండా చేత్తో పిలుస్తోంది, ఎంత మొండితనం అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? లేక అలా అనుకుంటే బడికి పోవచ్చని అనుకున్నానా? నాలుగేళ్లుగా ఇదే అడుగుతున్నాను. జవాబు రెండు రోజులు ఒకలా, మూడో రోజు ఇంకోలా వస్తుంది. వెళ్లిపోయానన్నది మాత్రం నిజం.

పదిన్నరకు జాకెట్ కోసం వచ్చిన మా గల్లీ సుగుణక్క అమ్మను నేల మీద చూసి నాకు ఫోన్ చేసింది. ఝరాసంగం నుంచి కందులు తెచ్చి ఆ రోజు మార్కెట్ యార్డులోనే ఉన్న మామకూ చేసింది. మామ అంటే అమ్మకు సొంత తమ్ముడు. ఇక్కడి దవాఖానలో చూసి, ఇది పక్షవాతం, ఆలస్యం చేయొద్దని సంగారెడ్డికి పంపారు. అంబులెన్సులో మామ, నేను. అమ్మ కళ్లు నా మీదే ఉన్నాయి.

పన్నెండు దాటాక అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డాక్టర్ నన్ను అడిగాడు.

"చివరిసారి ఆమె మంచిగ మాట్లాడింది ఎప్పుడు?"

పక్కన మామ ఉన్నాడు. స్ట్రెచర్ మీద అమ్మ ఉంది. పొద్దున్నే చూశానని చెబితే, చూసి పోయానని చెప్పినట్టే కదా.

"నేను బడికి పోయేటప్పుడు సార్. పావు తక్కువ తొమ్మిది."

"ఏం మాట్లాడింది?"

"టిఫిన్ డబ్బా మర్చిపోకు అన్నది."

అమ్మ ఎడమచెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా. ఆమెకు మాట రాదు కానీ మన మాటలన్నీ అర్థమవుతాయని డాక్టర్లు మాకు చెప్పింది తర్వాత. నాకు మాత్రం ఆ పట్టుతోనే తెలిసింది.

స్కాన్ చూసి డాక్టర్ విడమరచి చెప్పాడు. మెదడులో నెత్తురు గడ్డకట్టింది, కరిగించే ఇంజెక్షన్ ఉంది, కానీ మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇవ్వాలి. ఆలస్యమయ్యాక ఇస్తే మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. టైములో ఇచ్చినా కొందరికి అవుతుంది. ఇంట్లోవాళ్లు సంతకం పెట్టాలి. ఇదంతా చెప్పి నా వైపు తిరిగాడు.

"చూడమ్మా, తెల్వకపోతే తెల్వదని చెప్పు, తప్పేం లేదు. పావు తక్కువ తొమ్మిదికి మాట్లాడింది, పక్కానా?"

దారి చూపించాడు. తెలియదు అంటే చాలు. అబద్ధం వెనక్కి తీసుకున్నట్టూ కాదు, నిజం చెప్పినట్టూ కాదు. ఆ ఒక్క మాట కూడా నా నోట రాలేదు.

"పక్కా సార్. మాట్లాడింది."

మామ దస్కత్ పెట్టాడు. ఇంజెక్షన్ ఇచ్చారు. సాయంత్రానికి అమ్మ మెదడులో రక్తస్రావం అయింది.

నా అబద్ధం వల్లే అయిందా? నాకు తెలియదు. నేను చెప్పిన టైముకే నిజంగా వచ్చి ఉన్నా అయ్యేదేమో. ఏ డాక్టర్‌నూ అడగలేదు, అడగాలంటే ముందు నిజం చెప్పాలి. ఇంటికొచ్చిన రోజు డైరీలో ఆ పేజీ చింపి పొయ్యిలో వేశాను.

ఇంత వరకూ అయితే ఒక్క రోజు పిరికితనం అనుకోవచ్చు. కానీ నా తప్పు అక్కడ ఆగలేదు. అసలు మీకు చెప్పాలనుకున్నది ఇక ముందున్నదే.

అమ్మ ఇంటికి వచ్చాక మొదట్లో ఆమెకు మిగిలింది ఒకటే మాట. "అదే." నీళ్లు కావాలన్నా అదే, కాళ్లు నొప్పన్నా అదే, నన్ను పిలిచినా అదే. ఏ "అదే" దేని కోసమో నాకు అర్థమయ్యేది. ముఖం చూసి, చెయ్యి చూసి చెప్పేసేదాన్ని. గల్లీలో అందరూ నన్ను మెచ్చుకున్నారు. కొన్ని నెలలకు, వాకిట్లో ఎండబెట్టిన జొన్నల్లో తల పెట్టిన మేకను చూసి అమ్మ స్పష్టంగా ఒక తిట్టు తిట్టింది. సుగుణక్క నవ్వి నవ్వి, "అక్కకు తిట్లు వాపస్ వచ్చినయ్, ఇగ ఫికర్ లేదు" అంది. అమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను. లోపల మాత్రం భయం మొదలైంది. మాట ఒకటి వచ్చిందంటే ఇంకోటి వస్తుంది. అలా ఒక్కొక్కటే వచ్చి ఏదో ఒక రోజు ఆ పొద్దుటి దాకా వస్తాయి.

మాటలు నేర్పే మేడమ్ ఒకామె వారానికొకసారి వీడియో కాల్‌లో అభ్యాసం చేయించేది. మిగతా రోజులు నేను చేయించాలి. అట్టముక్కల మీద బొమ్మ గీసి, కింద మాట రాసి చూపించడం. సూది, దారం, గుండీ, అన్నం, నీళ్లు. వాటిని ఎంతో శ్రద్ధగా చేశాను. తర్వాత మేడమ్ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, గడియారం, నిన్న, ఇవాళ, ఇవన్నీ చేయించమంది. ఆ ముక్కలు నేను చేయలేదు. ఎందుకు ముందుకు పోవడం లేదని ఆమె అడిగితే, అమ్మకు అవి పట్టుబడటం లేదు మేడమ్ అన్నాను. వెనక మంచం మీద కూర్చున్న అమ్మ ఎడమచేత్తో తొడ కొట్టుకుంది. మేడమ్ ఏమైందని అడిగింది. అలసిపోయింది, ఇవాళ్టికి చాలంటోంది అని చెప్పాను.

అర్థమైంది కదా మీకు. అమ్మ మాట అందరికీ చెప్పే మనిషిని నేనొక్కదాన్నే. ఆమె ఏం అన్నదో నేను చెప్పిందే లెక్క.

ఒకరోజు అమ్మ ఎడమచేత్తో గోడ గడియారం తీసి మంచం మీద నా ముందు పెట్టింది. ఆరు మీద వేలు పెట్టింది. ఏడు మీద పెట్టింది. తర్వాత తన నోటి మీద. నా వైపు చూసింది. నేను గడియారం తీసుకుని, "సెల్లు అయిపోయిందా అమ్మా, రేపు తెస్త" అన్నాను. ముల్లు ఇద్దరి ముందూ టిక్కు టిక్కుమని తిరుగుతూనే ఉంది.

మామ ప్రతి ఆదివారం ఆటోలో వచ్చేవాడు. కూరగాయలో, జొన్న రొట్టెలో తెచ్చేవాడు. అక్క ముఖంలోకి చూసేవాడు కాదు. ఎందుకో నాకు తెలుసు. అయినా అడగలేదు. పోయిన నెల ఒక ఆదివారం, ఎవరూ ఏమీ అనకుండానే, రొట్టె తుంచి అమ్మ పళ్లెంలో పెడుతూ పెడుతూ ఆగిపోయాడు.

"నేనే దస్కత్ పెట్టిన అక్కా. గా సూది వద్దంటే మంచిగుంటుండె. నా చేతులతోనే చేసిన నిన్ను గిట్ల."

అరవై దగ్గర పడుతున్న మనిషి, చేతిలో రొట్టె ముక్కతో ఏడ్చాడు. అమ్మకు అప్పటికి కొత్తగా వచ్చిన మాట ఒకటి ఉంది. "కాదు." ఆ మాటే అన్నది. "కాదు. కాదు." ఎడమచెయ్యి ఎత్తి నన్ను చూపించింది.

మామ నా వైపు తిరిగాడు. "ఏమంటుంది బిడ్డా?"

నేను చెప్పాను. "ఏడ్వకు అంటుంది మామా."

ఆయన తల ఊపి కళ్లు తుడుచుకున్నాడు. అమ్మ చెయ్యి దించేసింది. ఆ చెయ్యి దిగడం నేను చూశాను. అంతకు ముందు గంటలు దాచాను, మాటలు దాచాను. ఇప్పుడు ఒక మనిషిని ఆయన చేయని తప్పులో కూర్చోబెట్టాను. అదీ అమ్మ నోటితో. ఆమె తమ్ముడిని, ఆమె కళ్ల ముందు.

ఆయన ఆటో ఎక్కాక లోపలికి వచ్చి అమ్మ ముందు నేల మీద కూర్చున్నాను. పది రోజులు అద్దం ముందు తయారైన మాటలు కావు ఇవి. ఏ తయారీ లేకుండానే వచ్చాయి. ఆ పొద్దున నేను చూసిన అమ్మా, నీ మూతి చూసిన, చెయ్యి చూసిన, చూసి పోయిన, డాక్టర్‌కు అబద్ధం చెప్పిన, మామకు కూడా ఇప్పుడు అబద్ధమే చెప్పిన. అమ్మ కదలకుండా విన్నది. ఆమె ముఖంలో ఏముందో చదవడానికి ప్రయత్నించాను. ఆమె ప్రతి కదలికకూ అర్థం చెప్పే నాకు ఆ ముఖం అర్థం కాలేదు.

తర్వాత నోరు విప్పింది. ఒక్కో మాట మధ్య ఎంత దూరమో.

"తమ్ముడు." ఆగింది. మంచం మీద నా ఫోన్ ఉంది, దాన్ని నా వైపు జరిపింది. "చెప్పు."

ఫోన్ చేశాను. మామ ఇంకా ఆటోలోనే ఉన్నాడు, చప్పుడు వినిపిస్తోంది. మొత్తం చెప్పాను. చివర "ఎన్ని గంటలకు చూసినవ్?" అని మాత్రం అడిగాడు. పావు తక్కువ ఏడు అన్నాను. "అచ్ఛా" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

నాలుగు ఆదివారాలు గడిచాయి. ఆయన రాలేదు. ఆటో చప్పుడైతే అమ్మ వాకిలి వైపు చూస్తుంది, తర్వాత నా వైపు చూస్తుంది. ఇదీ నా వల్లే. నన్ను క్షమించానని అమ్మ అనలేదు. అనదేమో. మాట రాకనా, మనసు రాకనా అని నేను అడగబోవడం లేదు. అడిగే హక్కు నాది కాదు.

మాటలు నేర్పే మేడమ్‌కు కూడా చెప్పాను, ఆ మాటలు అమ్మకు పట్టుబడకపోవడం కాదు, నేనే చేయించలేదని. రేపటి నుంచి చేయించండి అంది ఆమె. చేయిస్తున్నాను. రోజూ బడి నుంచి వచ్చాక అమ్మ ఎదురుగా కూర్చుంటాను. ముక్క చూపిస్తాను. అమ్మ పెదవులు మాట కోసం వెతుక్కుంటాయి. ఇన్నాళ్లూ ఆ పెదవులను చూస్తూ ఊపిరి బిగబట్టేదాన్ని. ఇప్పుడు ఏ మాట వచ్చినా రానీ అని ఎదురుచూస్తున్నాను. నన్ను తిట్టేదైనా సరే.