కాంటా ఎక్కిన స్వామి

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో వేసవిలో నేను కోరుట్ల ప్రభుత్వాసుపత్రిలో డిప్యూటీ సివిల్ సర్జన్‌ని. అసిస్టెంట్ సర్జన్లకు పైన, సివిల్ సర్జన్లకు కింద ఉండే మెట్టు అది. పని కిందివాళ్లంత, పడాల్సిన మాటలు పైవాళ్లన్ని. మే నెలలో ఒక మధ్యాహ్నం సూపరింటెండెంట్ గారు మెమో చేతికిచ్చారు. జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాలులో ప్రొఫెషనల్ బాక్సింగ్ పోటీలు, రింగ్ పక్కన డాక్టరుగా రెండు రోజుల డ్యూటీ. జ్వరాలు, షుగర్లు చూసుకునేదాన్ని, బాక్సింగు నాకేం తెలుసండీ అన్నాను. నెత్తి పగిలితే కుట్లు వేయడం తెలుసు కదా అన్నారాయన.

పోటీకి ముందు రోజే బాక్సర్లను తూకం వేస్తారు. ఒప్పందంలో రాసుకున్న బరువుకు వంద గ్రాములు ఎక్కువున్నా పేచీయే. తూకం కాగానే డాక్టరు పరీక్ష. కంటిపాపలు, గుండె, బీపీ, చేతి ఎముకలు చూసి, ఫారంలో 'ఫిట్' అనో 'అన్‌ఫిట్' అనో రాసి సంతకం చేయాలి. ఔత్సాహికుల పోటీల్లో కనిపించే బనియన్లు ప్రొఫెషనల్స్‌కు ఉండవు, తలకు కవచమూ ఉండదు. అందుకే డాక్టరు సంతకం లేనిదే ఎవరూ తాడు దాటి లోపలికి పోకూడదు.

నిజం చెప్పాలంటే రౌడీలను చూడబోతున్నాననే అనుకున్నాను. బస్టాండ్లో తగాదా పడి ఆసుపత్రికి వచ్చేవాళ్లను ముప్పై ఏళ్లుగా చూస్తున్నదాన్ని. వీళ్లు వాళ్లలా లేరు. ప్లాస్టిక్ కుర్చీల్లో చేతులు ఒళ్లో పెట్టుకుని, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లలా కూర్చున్నారు. నాడి చూద్దామని చెయ్యి అడిగితే మెత్తగా, జాగ్రత్తగా అందించారు. బతుకంతా ఆ చేతుల మీదే కదా, వాటిని ఊరికే బిగించరు. రక్త పరీక్ష సూది చూసి మొహం తిప్పుకున్న మహానుభావుడూ ఉన్నాడు.

వాళ్లలో శ్రీనివాస్‌ది సిరిసిల్ల. ముప్పై నాలుగేళ్లు. పగలు మరమగ్గాల షెడ్డులో పని, పొద్దున, సాయంత్రం సాధన. మగ్గాల చప్పుడులో పెరిగినవాడు కాబట్టి పక్కనున్నవాళ్లతో కూడా గట్టిగా మాట్లాడతాడు. అరవై ఒక్క కిలోల తూకం సరిపోగానే ఒక మూలకు పోయి చల్ల తాగుతూ అరటిపళ్లు తింటున్నాడు. తూకం తర్వాత బాక్సర్లందరూ చేసేది అదే. మర్నాటి సాయంత్రం లోపల ఒంట్లో పోయిన నీళ్లు తిరిగి నింపుకోవాలి.

అతని ప్రత్యర్థి గంగాధర్‌ది గొల్లపల్లి దగ్గరి ఊరు, గీత కార్మికుల ఇల్లు. దుబాయిలో ఒక బాక్సింగ్ జిమ్ములో నేల తుడిచే పనికి పోయి, తుడిచిన నేల మీదే ఆట నేర్చుకున్నాడు. అక్కడే మూడు పోటీలు ఆడాడు. సొంత జిల్లాలో ఆడడం ఇదే మొదలు. ఈ పోటీని జిమ్ము యజమాని వీడియోలో చూస్తాడని, నచ్చితే ఈసారి బాక్సర్‌గానే పిలిపించుకుంటాడని, లేకపోతే మళ్లీ చీపురు పనేనని నిర్వాహకుడు నాకు ముందే చెప్పాడు. జగిత్యాల నుంచి గొల్లపల్లి దాకా గంగాధర్ ఫ్లెక్సీలే.

గంగాధర్ కాషాయం లుంగీ, మెడలో కొండగట్టు అంజన్న మాల, అంటే హనుమాన్ దీక్ష మాల, గడ్డంతో వచ్చాడు. చేతులు జోడించి నన్ను 'మాతా' అన్నాడు. మర్నాడు తెల్లవారుజామున కొండగట్టు మీద మాల తీసి, గడ్డం గీయించుకుని సాయంత్రం రింగులోకి దిగుతానన్నాడు. మాల వేసిన వాళ్ల సంగతి నాకు కొత్త కాదు. మా ఆయన వేసుకున్న నలభై ఒక్క రోజులూ నేను ఆయనను 'స్వామీ' అనే పిలిచాను, ఉల్లిగడ్డలకు బజారుకు పంపేటప్పుడు కూడా.

గంగాధర్ కూడా కాంటా మీద సరిగ్గా అరవై ఒక్క కిలోలు తూగాడు. పరీక్షే బాగాలేదు. పడుకోబెట్టి చూసిన బీపీ నిలబెట్టగానే జారిపోయింది. నాడి పరుగెడుతోంది. నాలుక ఎండి ఉంది. ముంజేతి మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలిచింది. నీళ్లు తాగు నాయనా అన్నాను. మాలలో ఉన్నానని, ఒంటిపూట భోజనం, భిక్ష, మధ్యాహ్నమే అయిందని, మళ్లీ రేపే ముట్టుకుంటానని అన్నాడు. స్వాములు పొద్దున, మాపున ఫలహారం తీసుకుంటారని, నీళ్లకు అడ్డు లేదని నాకు తెలుసు. అయినా వాళ్ల గురుస్వామి కఠినమేమో, దేవుడి విషయంలో నేనెందుకు నోరు పెట్టాలి అనుకున్నాను. ఆడవాళ్లకు అన్నిటికీ అనుమానమే అంటారని కూడా ఒక భయం. గంట ఆగి మళ్లీ చూస్తానని ఫారం పక్కన పెట్టాను కానీ, లోపల మాత్రం 'ఫిట్' రాసేయడానికే సిద్ధపడ్డాను. అది గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

అప్పుడు శ్రీనివాస్ చల్ల గ్లాసు పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చాడు. జీవితంలో ఎన్నడూ గొంతు తగ్గించని మనిషి, తగ్గించడానికి చాలా ప్రయత్నం చేశాడు.

"మేడం, పొద్దుగాల నేను దర్శనానికి పోయిన. కొండగట్టు మెట్ల మీద గా స్వామి ఉరుకుతున్నడు. కాషాయం అంగీ లోపట యూరియా సంచి తొడుక్కున్నడు. దేవుని కోసమైతే సంచి ఎందుకు మేడం?"

ఒంటికి ప్లాస్టిక్ చుట్టుకుని ఎండలో పరుగెత్తితే చెమట రూపంలో బరువు దిగుతుంది. దిగేది కొవ్వు కాదు, నీళ్లు. ఒంట్లో నీళ్లు లేనివాడి తలకు దెబ్బ తగిలితే మెదడులో రక్తనాళం చిట్లే ప్రమాదం ఎక్కువ. ఈ సంగతి నాకు చెప్పకపోతే మర్నాడు సులువుగా గెలిచేది శ్రీనివాసే. నీకెందుకయ్యా ఈ గొడవ అని అడిగాను.

"కడుపుల ఏం లేనోని మీద చెయ్యి ఎట్ల లేపాలె మేడం?" అని పోయి తన కుర్చీలో కూర్చున్నాడు.

గంగాధర్‌ని పక్క గదిలోకి పిలిచి తలుపు వేశాను. పాఠాలు చెప్పలేదు. ఒకటే అడిగాను.

"నిజం చెప్పు స్వామీ. గీ ఒక్కపొద్దు దేవునికా, కాంటాకా?"

మాల పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఒంట్లో ఆ కాసిన్ని నీళ్లు ఎక్కడ మిగిలాయో తెలియదు.

"కాంటాకే మాతా. నా ఒళ్లు అరవై ఆరు. దుబాయోళ్లకు అరవై ఒక్కటి కావాలె. ఇంట్ల తింటలేనంటే మా అమ్మ ఊకోదు. మాల ఏస్తే ఎవలూ తినుమని జోర్ చెయ్యరు."

రెండు రోజులుగా గుక్కెడు నీళ్లు కూడా మింగలేదు, పుక్కిలించి ఉమ్మేస్తున్నాడు. తల్లి మడిగా వండిన భిక్షను తోటి స్వాములకు వడ్డిస్తున్నాడు. తల్లిని, దేవుణ్ణి ఒకేసారి మోసం చేసినందుకు తనకు మంచి జరగదని అతని నమ్మకం. దేవుడి సంగతి నా శాఖ కాదని, బీపీ నా శాఖ అని చెప్పి ఫారంలో 'అన్‌ఫిట్' రాశాను. కారణం దగ్గర ఒంట్లో నీటి కొరత అని మాత్రమే రాశాను. మాల సంగతి రాయలేదు.

నిర్వాహకుడు బతిమాలాడు, ఆ తర్వాత కోప్పడ్డాడు. రెండు సీసాల గ్లూకోజు ఎక్కిస్తే రేపటికి లేచి కూర్చుంటాడు కదా అన్నాడు. లేచి కూర్చోవడానికి సరిపోతుంది, తల మీద దెబ్బలు తినడానికి సరిపోదు అన్నాను. గంగాధర్ గోడకు ఆనుకుని వింటున్నాడు. చీపురు చేతికొచ్చినట్టే ఉంది అతని మొహం.

శ్రీనివాసే మళ్లీ లేచాడు. పై తరగతి అరవై మూడున్నర కిలోలు. నెల రోజుల తర్వాత సిరిసిల్లలో ఆ బరువుకు తాను ఎదుగుతానని, గంగాధర్ తిండి మానకుండా ఆ బరువుకు దిగితే చాలని అన్నాడు. తనకంటే ఒడ్డూ పొడుగూ ఉన్నవాడితో ఆడడానికి తానే దారి తీశాడు. నిర్వాహకుడు దుబాయికి ఫోను చేశాడు. మొదట కాదన్న జిమ్ము యజమాని, కాసేపాగి తనే మళ్లీ చేసి, చూస్తానన్నాడు. ఆ పూటే గంగాధర్ నా ముందర కూర్చుని ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు కొద్దికొద్దిగా తాగాడు. మర్నాడు కొండగట్టులో మాల తీశాక తల్లికి అంతా చెప్పాడట. ఆమె వారం రోజులు మాట్లాడలేదు, అన్నం మాత్రం పెట్టింది.

సిరిసిల్ల డ్యూటీని నేనే అడిగి వేయించుకున్నాను. ఈసారి గంగాధర్ బీపీ పడుకున్నా నిలబడ్డా ఒకటే. మూడేసి నిమిషాల ఆరు రౌండ్లు. నాలుగో రౌండులో శ్రీనివాస్ కనుబొమ్మ చీలింది. రిఫరీ పిలిస్తేనే డాక్టరు రింగు అంచు ఎక్కాలి. పిలిచాడు, ఎక్కాను. రక్తం కంట్లోకి కారడం లేదు, చూపు బాగుంది, ఆడవచ్చని చెప్పి దిగాను. గంట కొట్టేలోపు గంగాధర్ అవతలి మూల నుంచి చెయ్యెత్తి 'మంచిగనే ఉన్నదా అన్నా' అన్నట్టు సైగ చేశాడు. ఆ వెంటనే ఇద్దరూ మళ్లీ కొట్టుకున్నారు. పాయింట్ల మీద శ్రీనివాస్ గెలిచాడు. అయినా గంగాధర్ ఆరు రౌండ్లు కాళ్ల మీద నిలబడి ఆడిన తీరు దుబాయి వాళ్లకు నచ్చింది. దసరా వెళ్లాక బాక్సర్‌గా విమానం ఎక్కాడు. నాకు చాలా సంతోషమైంది.

ఆ తర్వాత నా ఓపీలో ఒక ప్రశ్న పెరిగింది. ఒక్కపొద్దు ఉపవాసం అన్న ప్రతి రోగినీ, ఏ మతం వాళ్లనైనా, ఎందుకోసం అని అడిగేదాన్ని. చాలామంది దేవుడి పేరే చెప్పారు, కొందరు నన్ను విసుక్కున్నారు. ఒక బీడీ కార్మికురాలు శనివారాలని చెప్పి, రెండోసారి అడిగితే, నెల రోజులుగా ముద్ద గొంతు దిగడం లేదని ఒప్పుకుంది. గొంతులో గడ్డ. చిన్నగా ఉన్నప్పుడే దొరికింది కాబట్టి ఆపరేషన్‌తో తీసేశారు. దేవుడి పేరు వినగానే అడగడం మానేయడం మర్యాద కాదు, బద్ధకం. నా ఉద్యోగంలో అది నేను నేర్చుకున్నది పుస్తకంలో కాదు, సంచి ఎందుకని అడిగిన ఒక బాక్సర్ దగ్గర.