డాక్యుమెంటరీకి దండలతో వచ్చినవారు

ముందుగా, ఆ శుక్రవారం సాయంత్రం అరబ్బు దేశంలో మా పేట ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో సరోజక్క ఇంటి హాల్లో ఉన్న వస్తువుల, మనుషుల వివరం. ఒక ప్రొజెక్టర్. రెండు స్పీకర్లు. తెరగా కట్టిన తెల్ల దుప్పటి. మూడు గులాబీ దండలు. ఒక అరటిపళ్ళ గెల. హాల్లో చోటు చాలక మెట్ల మీద నిలబడి కళ్ళు తుడుచుకుంటున్న జనం. వాళ్ళ మధ్య కుర్చీలో కూర్చుని, అందరితో పాటు తానూ కళ్ళు తుడుచుకుంటున్న ఓదెలు తాత.

వాళ్ళంతా ఏడుస్తున్నది ఓదెలు తాత చనిపోయినందుకు.

ఇంత గొప్ప ఏర్పాటు ఎవరు చేశారని మీరు అడగకముందే ఒప్పుకుంటున్నాను. నేనే. ఒక్కణ్ణే చేశాను. ఎవరి సాయమూ తీసుకోలేదు.

నా ఉద్యోగం లుసైల్‌లో పెద్ద పెద్ద హాళ్ళకు తెరలు, స్పీకర్లు బిగించడం. మైకులో కూత వస్తే ఎక్కడి నుంచి వస్తోందో కళ్ళు మూసుకుని చెప్పగలను. అలాంటి నాకు పోయిన ఏడాది, అంటే నేను ఇప్పటికన్నా ఒక సంవత్సరం ఎక్కువ తెలివైనవాణ్ణనుకునే రోజుల్లో, పై అంతస్తులో ఉండే సరోజక్క తండ్రి పరిచయమయ్యారు. అక్క ఇక్కడ నర్సు. ఆయన పేరు ఓదెలు. బెల్లంపల్లి నుంచి కూతుర్ని చూడటానికి వచ్చారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, అన్నం వడ్డించేలోపు భోజనాల బల్ల మీద రెండు చేతులతో దరువు వేస్తుంటే కింద మా గదిలో ఫ్యాను ఊగేది.

ఒకరోజు ఆ దరువు గురించి అడిగాను. తాత చెప్పిన కథ విని నాకు మతిపోయింది. అరవైల్లో ఆయనా, ఇంకో ముగ్గురు గని కార్మికుల కొడుకులూ కలిసి 'బొగ్గుబాయి బృందం' అని పెట్టారట. పాటలేమో నాట్లప్పుడు పాడుకునేవి. వాయిద్యాలేమో డప్పు, గిటారు. ఆ గిటారును పాత రేడియో సెట్టుకు తగిలించి వాయించేవారట.

"తాతగారూ, దీన్నే బయటి దేశాల్లో ఫోక్ రాక్ అంటారండీ!" అన్నాను.

"ఏమంటరో మాకేం ఎరుక బిడ్డా. మేం పాటకు కరెంటు పెట్టినం, గంతే."

ఆ మాటతో నిర్ణయం అయిపోయింది. విదేశాల్లో ఆ కాలపు బృందాల మీద వచ్చిన డాక్యుమెంటరీలు నేను డజను చూశాను. అన్నింటికీ ఒకే పద్ధతి. పాత నలుపు తెలుపు ఫొటో. దాని మీదికి మెల్లగా జరిగే కెమెరా. వెనక సన్నగా సంగీతం. బృందం మొదలైన ఏడాది, గీత, ఇంకో ఏడాది. ఇందులో నాకు చేతకానిది ఏముంది?

చిత్రీకరణ నాలుగు శుక్రవారాల్లో ముగించాను. తాత గంటల కొద్దీ మాట్లాడారు. గంటల కొద్దీ ఒకే విషయం మాట్లాడారు. ఒక పెళ్ళిలో బృందానికి ఒకే ఒక్క మైకు ఇచ్చారట. దాన్ని గిటారు ముందు పెట్టాలని బృందంలో గిటారు వాయించే జోసెఫ్, డప్పు ముందు పెట్టాలని ఓదెలు. పెళ్ళికొడుకు తాళి కట్టేశాడు గానీ మైకు పంచాయతీ తెగలేదు. బృందం ఆ రాత్రే చీలిపోయింది. మిగిలిన ఇద్దరూ కాలం చేశారు. వీళ్ళిద్దరూ ఒకే ఊళ్ళో ఉంటూ యాభై ఏళ్ళుగా మాట్లాడుకోలేదు.

"పోనీ పాటలు ఎక్కడైనా ఉన్నాయా తాతగారూ?"

"క్లబ్బుల ఒక్కసారి టేపు చేసిండ్రు. అది ఆ జోసెఫ్ గాని తాన ఉన్నది." కాసేపు బల్ల మీద వేళ్ళతో ఏదో మెల్లగా వాయించి అన్నారు. "నేను ఒక్కసారి గూడ ఇనలే. ఇర్వై ఏండ్ల గొంతు ఎట్లుంటుండెనో. పోయేలోపల ఒక్కసారి ఇనాలె బిడ్డా."

తాత ప్రయాణం ఆదివారానికి ఉంది. నా దగ్గర సినిమా అంతా ఉంది, పాట లేదు. జోసెఫ్ గారి మనవడి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. పెద్దాయనే మాట్లాడారు.

"ఓదెలు బతికున్నంత కాలం ఆ టేపు బయటికి రాదు. పెట్టెయ్ ఫోను."

సరే, పాట లేకుండానే చూపిద్దామనుకున్నాను. శుక్రవారం సాయంత్రం ఆరుకు ప్రదర్శన. అప్పటిదాకా బయటివాళ్ళెవరికీ చెప్పలేదు. పూర్తికాని పనిని ప్రకటించడం నా పద్ధతి కాదు. గురువారం సాయంత్రం మాత్రం ఒక చిన్న ట్రైలర్ చేసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను, జోసెఫ్ గారి మనవడికీ పంపాను. దాని వివరాలు చెబుతాను, తప్పెక్కడుందో మీరే పట్టుకోండి.

ఓదెలు తాత కుర్రతనపు ఫొటో, నలుపు తెలుపుల్లో. మెల్లగా దగ్గరికి జరుగుతుంది. పాటలు లేవు కాబట్టి వెనక వేణువు. కింద అక్షరాలు: 'బొగ్గుబాయి గొంతు ఓదెలు. 1967 – 2025.' అంటే బృందం పుట్టిన నాటి నుంచి నేటి దాకా అని నా భావం. ఆ కింద సరోజక్క ఇంటి చిరునామా, శుక్రవారం సాయంత్రం ఆరు గంటలు, అందరూ రావలసిందిగా ప్రార్థన. డాక్యుమెంటరీ అన్న మాట ఎక్కడా వేయలేదు. ట్రైలర్‌లోనే అంతా చెప్పేస్తే ఇక కుతూహలం ఏముంటుంది?

పట్టుకున్నారుగా? ఆదిలాబాదులో పుట్టినా అమలాపురంలో పుట్టినా, తెలుగువాడు స్టేటస్‌లో నలుపు తెలుపు ఫొటో చూశాడంటే ముందు చెప్పులు విడుస్తాడు. ఈ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు. నాకూ తెలుసు, కానీ ఆ రోజు నేను తెలుగువాణ్ణి కాదు, దర్శకుణ్ణి.

శుక్రవారం పొద్దున అక్క హాల్లో ప్రొజెక్టరు బిగించి, దుప్పటి కట్టానో లేదో లుసైల్‌లో అత్యవసర డ్యూటీ పడింది. ఆ సైటులో ఫోన్లు లాకర్‌లో పెట్టాలి. మధ్యాహ్నం బయటికొచ్చి చూస్తే ఫోన్ నిండా సందేశాలు. అన్నీ దండం పెట్టే చేతులు, కన్నీళ్ళు కార్చే బొమ్మలు. నా గుండె ఉప్పొంగింది. అర నిమిషం ట్రైలర్‌తో ఇంతమందిని ఏడిపించానన్నమాట! ఒక్కొక్కరికీ జవాబు పెట్టాను: 'ధన్యవాదాలు. తప్పకుండా రండి. అసలుది సాయంత్రం ఉంది.'

అప్పుడే లింగన్న ఫోన్ చేశాడు. జగిత్యాల వైపు మనిషి, మా సైటులో కేబుళ్ళు లాగుతాడు, మెసైమీర్‌లో ఉంటాడు. ఓదెలు తాతను ఎప్పుడూ చూడలేదు.

"అన్నా, ఎట్లయిందన్నా?"

"చాలా బాగా వచ్చింది లింగన్నా."

"బాగనా?"

"అవును. ఏ ఇబ్బందీ లేకుండా సాఫీగా అయిపోయింది. నిన్న ఏడింటికి ముగిసింది."

"అయ్యో. నువ్వు పక్కన్నే ఉన్నవా?"

"నేను లేకుండా ఎలా అవుతుంది? అంతా నా చేతుల మీదే జరిగింది."

అవతల లింగన్న గొణుక్కుంటూ ఏదో లెక్క వేశాడు.

"యాభై ఎనిమిదేండ్లకే... పాపం. బొగ్గుబాయిల మనుషులు గట్లనే అన్నా. మరి ఊరికి ఎప్పుడు పంపుతున్నరు?"

"ఇక్కడ అందరూ చూశాక పంపేద్దాం. రాత్రికే."

"రాత్రికేనా? ఉత్త కాయిదాలకే నాలుగు దినాలు వడ్తది గదా!"

"కాగితాలెందుకు? ఫోన్‌లో పంపేస్తాను."

"ఫోన్ల పంపుతవా?"

"కొంచెం బరువుగా ఉంది. రెండు ముక్కలు చేసి పంపుతాను."

లింగన్న ఫోన్ పెట్టేశాడు. సిగ్నల్ పోయిందనుకున్నాను.

మెట్రోలో కూర్చున్నాక ఇంకో అద్భుతం. జోసెఫ్ గారి మనవడి నుంచి ఆడియో ఫైళ్ళు. ఆ టేపు పాటలు, ఎప్పుడో ఫోన్‌లోకి ఎక్కించి పెట్టుకున్నవట, అన్నీ వచ్చేశాయి! కింద ఒక్క వాక్యం: 'తాత పంపమన్నడు.' యాభై ఏళ్ళ పగను నా ట్రైలర్ కరిగించేసింది. ఎదుటి సీటులోని ఫిలిప్పీనో ఆయనకు కరచాలనం ఇచ్చాను. ఆయన భయపడి పక్క పెట్టెలోకి వెళ్ళిపోయాడు.

ఇంటికి చేరేసరికి మెట్ల నిండా చెప్పులు. హౌస్‌ఫుల్! చెప్పుల మీదుగా దూకుతూ పైకెళ్ళాను. గుమ్మంలో బాబూరావు గారు నా భుజం పట్టుకున్నారు. రాజోలు మనిషి, ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు.

"ఎంత పని జరిగిపోయిందండీ! మా యజమాని కఫీల్‌ని బతిమాలి గంట సెలవడిగొచ్చానండి."

"మీ అభిమానం" అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశారు. లోపల దండలు కనిపించాయి. దర్శకుడికి దండలు వేయడం కూడా నేర్చుకున్నారే అనుకుని, ఇంకో రెండడుగులు వేశాక గానీ లోపలి మాటలు చెవిన పడలేదు.

మధ్యాహ్నం పడుకుని లేచిన ఓదెలు తాత తలుపు తీసేసరికి ఇంతమంది ఏడుస్తూ లోపలికి వచ్చారట. ఎవరో పోయారని ఆయనకు అర్థమైంది. పోయినవాడి ఇంట్లో ఉన్న పెద్దమనిషి కదా, దగ్గరి చుట్టమై ఉంటాడని వాళ్ళకు అర్థమైంది. ఫొటోలో ఇరవై ఏళ్ళ కుర్రవాడు, ఎదుట డెబ్భై ఎనిమిదేళ్ళ ముసలాయన. ఎవరు పోల్చుకుంటారు? నేను వెళ్ళేసరికి తాత లింగన్న వీపు నిమురుతున్నారు.

"ఊకో బిడ్డా, ఊకో. మన చేతుల ఏమున్నది. ఇంతకూ ఎవలు పోయిండ్రు?"

"ఓదెలు గదనే తాతా. మంచి పాటగాడట."

"ఏ ఊరు ఓదెలు?"

"బెల్లంపల్లి. బొగ్గుబాయి ఓదెలు."

తాత కండువాతో కళ్ళొత్తుకుని ఆలోచించారు. "మా దగ్గర పాటలు పాడే ఓదెలు ఇంకోడు లేడే... ఎప్పుడు పోయిండు?"

"రాత్రే."

"రాత్రా? రాత్రి నేను చపాతీలు తిన్న గద బిడ్డా!"

లింగన్న చేతిలోని దండ జారి తాత కాళ్ళ మీద పడింది. నా కాళ్ళు తలుపు వైపు తిరిగాయి గానీ తలుపులో సరోజక్క నిలబడి ఉంది. హాస్పిటల్ నుంచి యూనిఫామ్‌లోనే పరిగెత్తి వచ్చింది. ఎవరో ఫోన్ చేసి గుండె దిటవు చేసుకోమన్నారట. ఆమె ఫోన్ చేస్తే నిద్రలో ఉన్న తాత ఎత్తలేదు. తండ్రిని చూసి గోడకు ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయింది. ఇంతసేపూ మిమ్మల్ని నవ్వించాలని చూస్తున్నాను గానీ, ఆ ఒక్క నిమిషం నేను భూమిలోకి కూరుకుపోదామని నిజంగానే అనుకున్నాను. మూడో అంతస్తు కావడం వల్ల వీలుపడలేదు.

"తమ్మీ" అంది ఊపిరి కూడదీసుకుని, "ఆ ప్రొజెక్టరు ఎన్ని కిలోలుంటది?"

"నాలుగున్నర అక్కా."

"నీ నెత్తి మీద ఎత్తేస్తే సరిపోతదా, ఇంకోటి తెచ్చుకోవాల్నా?"

జవాబు చెప్పే లోపు నా ఫోన్ మోగింది. వీడియో కాల్. కంగారులో, పొద్దున వైఫైతో ఫోన్ ప్రొజెక్టరుకు కలిసిపోయేలా పెట్టానన్న సంగతి మరచి ఎత్తాను. తెల్ల దుప్పటి మీద, గోడంత పెద్దగా జోసెఫ్ గారి ముఖం వచ్చింది. కన్నీళ్ళతో తడిసి ఉంది.

"బిడ్డా, ఒక్కసారి ఆని మొఖం చూపియ్యి. ఆఖరి చూపు."

నా చేతులు వాటంతట అవే ఫోన్‌ను తాత వైపు తిప్పాయి. తాత అప్పుడే పరామర్శకు తెచ్చిన గెలలోంచి ఒక అరటిపండు ఒలుచుకుంటున్నారు.

"ఓరి నీ... నువ్వు సావలేదారా?"

"లేదు. నీకేమన్న తక్లీఫా?"

"పొద్దటి సంది ఏడుస్తున్న గదరా! నా కోడలు బీపీ గోలి గూడ ఇచ్చింది!"

"ఏడువు. యాభై ఏండ్ల బాకీ."

"గట్లనా? అయితే నా పాటలు వాపస్ ఇయ్యి. ఓ పిలగా, ఇంజనీరూ! ఆడు బతికిండు గనుక పాటలు చెల్లయి. తీసెయ్ ఫోన్లకెల్లి!"

తాత చేతిలో పండు ఆగిపోయింది. "పాటలా? టేపు పాటలా?" అని నా వంక చూశారు. ఆయన ముఖంలోంచి పంతం ఒక్కసారిగా జారిపోయింది. "వచ్చినయా బిడ్డా?"

నేను తలూపాను. లింగన్న దుప్పటి ముందుకు వచ్చాడు.

"పెద్దయ్యా, మెసైమీర్ కెల్లి రెండు బస్సులు మారి వచ్చినం. సావైతే లేకపాయె. పాటన్న ఇనిపియ్యిండ్రి."

జోసెఫ్ గారు చాలాసేపు మీసం నిమురుకున్నారు. "పెట్టుమను. కానీ గిటారు సౌండు పెంచాలె. గప్పుడు ఇనరాకుండ చేసిండు."

"డప్పు తగ్గించినవో, ఆదివారం విమానమెక్క. ఈడనే ఉండి నీ సంగతి చూస్త" అన్నారు తాత నాతో.

ఇక్కడ మీకొక సాంకేతిక విషయం చెప్పాలి. ఒక్క మైకుతో చేసిన టేపు అది. అందులో గిటారు, డప్పు ఉప్పూ నీళ్ళలా కలిసిపోయి ఉంటాయి. గిటారు పెంచితే డప్పు పెరుగుతుంది. డప్పు తగ్గిస్తే గిటారూ తగ్గుతుంది. ఇది వాళ్ళిద్దరికీ చెప్పలేదు. "అలాగేనండీ" అని ఇద్దరికీ చెప్పి, ఉన్న ఒక్క బటన్‌ను చివరిదాకా తిప్పాను.

గరగరలోంచి ముందు డప్పు, వెంటనే గిటారు, వాటి మీదికి ఇరవై ఏళ్ళ గొంతు ఒకటి. తాత కళ్ళు మూసుకున్నారు.

"గిదీ! ఇప్పుడు ఇనొస్తున్నది గిటారు!" అని గోడ మీంచి జోసెఫ్ గారు.

"డప్పు చూడు, డప్పు చూడు" అని కళ్ళు తెరవకుండానే తాత.

అరటిపండు సరోజక్క చేతికిచ్చి, కుర్చీ చేతుల మీద దరువు మొదలుపెట్టారు. లింగన్న ప్లాస్టిక్ బకెట్ బోర్లించాడు. గంట సెలవు మీద వచ్చిన బాబూరావు గారు రెండు గంటలున్నారు. నా డాక్యుమెంటరీని చూపించమని ఆ రాత్రి ఒక్కరూ అడగలేదు. ఆదివారం తాత విమానం ఎక్కారు. బెల్లంపల్లి రైల్వే స్టేషన్‌లో దించుకోవడానికి జోసెఫ్ గారు వచ్చారట. మైకు గురించి మాట్లాడుకుంటూ ఇద్దరూ ఆటో దిగడం మరచిపోయారట.

ఇక నా ప్రతిజ్ఞ. బతికున్న మనిషి ఫొటోను ఈ జన్మలో నలుపు తెలుపుల్లో పెట్టను. నలుపు తెలుపు ఫొటోయే దొరికితే రంగులు వేయించి, అవసరమైతే నల్ల కళ్ళద్దాలు కూడా పెట్టించి వాడతాను. వేణువు జోలికి పోను. రెండు సంవత్సరాల మధ్య గీత గీయను. ఏడ్చే బొమ్మ వస్తే ఎందుకని అడిగాకే ధన్యవాదాలు చెబుతాను. ఈ ప్రతిజ్ఞను సరోజక్క ఎదుట, నాలుగున్నర కిలోల ప్రొజెక్టరు మీద చెయ్యి వేసి చేశాను.

ఆ రోజు వచ్చినవారు ముప్పై ఎనిమిది మంది. సినిమా చూద్దామని వచ్చినవారు సున్నా.