మా అమ్మ చెప్పిన రెండో మాట

సోషియాలజీ ఎం.ఏ. మొదటి ఏడాదిలో మా ప్రొఫెసర్ ఒక పని పెట్టాడు. ఎవరైనా ఒక మనిషిని మాట్లాడించి, సమాజం ఆ మనిషిని ఎలా మలిచిందో రాసుకురమ్మన్నాడు. నేను మా అమ్మను మాట్లాడించాను. అమ్మ తొండియార్‌పేట నుంచి రోజూ రెండు బస్సులు మారి టి. నగర్‌లో ఒక పెద్ద చీరల షాపుకు వెళ్లేది. అక్కడ నేల తుడవడం ఆమె పని.

ఆదివారం చేపలు కడుగుతూ చెప్పింది.

"నాకు కూచోబుద్ధి కాదు పాపా. ఎవురన్నా కూచోమన్నా కూచోను. నిలబడుకోనుండేదే పళక్కమైపోయింది, అదే అలవాటు."

ఇంకో చేప అందుకుని ఇంకో మాట చెప్పింది. "కొత్తలో ఒగ దినం ఆడ మెట్ల మీద కూచున్నా. సూపర్‌వైజరు చూసి, అందురి ముందర తిట్టి బయట నిలబెట్టినాడు. ఆ పొద్దు నుంచి కూచోలా."

రెండు మాటలూ ఇంగ్లీషులో రాసి ఇచ్చాను. ప్రొఫెసర్ సంతకం పెట్టి తీసుకున్నాడు.

తర్వాతి వారం ఆ కాగితాలు క్లాసులో చదివాడు. పేరు చెప్పలేదు గానీ తొండియార్‌పేట అన్నాడు. అక్కణ్నుంచి వచ్చేది నేనొక్కదాన్నే. మొదటి మాట దగ్గర ఆపేసి, "చూశారా, వీళ్లకు కుర్చీ ఇచ్చినా అక్కర్లేదు. లొంగి ఉండటం ఒంట్లోకి ఇంకిపోయింది," అన్నాడు. ముందు వరసలో నవ్వారు.

నేను లేచి, "సర్, ఆ కింద ఇంకో మాట ఉంది," అన్నాను.

"అది మనకు అనవసరం," అని పేజీ తిప్పేశాడు.

సాయంత్రం అమ్మ అడిగింది. "ఏం పాపా, నేను చెప్పింది సార్ చదివినాడా? బాగుందన్యాడా?"

"ఆమామ్మా, బాగుందన్నాడు."

నా చేత ఆ అబద్ధం ఆడించినందుకు ఆయన్ని ఈ రోజుకీ క్షమించలేదు.

ఏడాది చివర లైబ్రరీలో ఒక పత్రిక తిరగేస్తుంటే ఆయన వ్యాసం కనబడింది. అందులో మా అమ్మ మొదటి మాట ఉంది, నా ఇంగ్లీషులోనే, కామా కూడా మారకుండా. ఆమెను మాట్లాడించింది తానేనని రాసుకున్నాడు. రెండో మాట లేదు. నాకు ఏడుపు రాలేదు. ఈయన్ని ఎక్కడ కొడితే తగులుతుందా అని ఆలోచిస్తూ అక్కడే చాలాసేపు కూర్చున్నాను.

ఫిర్యాదు చేస్తే వినే కమిటీలో ఆయనే ఉన్నాడు. అందుకని రెండో ఏడాది పరిశోధనకు, తరగతి గది అందులోని మనుషుల్ని ఎలా మలుస్తుందన్న విషయం ఎంచుకుని, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఒక మేడమ్ దగ్గరకు వెళ్లాను.

"ఏ తరగతి?" అంది.

"మనదే, మేడమ్. ఆ సార్ క్లాసు."

ఆమె కళ్లజోడు తీసి నన్ను చూసింది. "పగతో చేస్తున్నావా?"

"అవును."

"అయితే ఒక్క వాక్యం కూడా తప్పుండకూడదు."

ఏడాది పాటు వెనక బెంచీలో కూర్చుని రాసుకున్నాను. ఎవరి మాట ఆయన మధ్యలో తుంచేస్తాడు, ఎవరి ఉచ్చారణను వెక్కిరిస్తాడు, ఆ తర్వాత ఎవరు చెయ్యెత్తడం మానేస్తారు, అన్నీ. అలా మానేసినవాళ్లలో నా స్నేహితురాలు ఒకతె. ఒకరోజు ఆయన వెక్కిరింపుకు క్లాసు నుంచి పరుగెత్తి, బాత్‌రూంలో ముఖానికి దుపట్టా అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను వెనకాలే వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. భుజం మీద చెయ్యి వెయ్యాల్సింది. గడియారం చూసి టైము రాసుకున్నాను.

వైవా రోజు బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షాధికారి పక్కన ఆ ప్రొఫెసర్ కూర్చున్నాడు. నా పరిశోధన చివర రెండు కాగితాలు జత చేశాను. ఒకటి ఆయన సంతకం ఉన్న నా పాత రిపోర్టు, రెండోది ఆయన వ్యాసంలోని పేజీ. పరీక్షాధికారి రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని మెల్లగా చదివాడు.

"ఈ సంతకం మీదేనా?" అని ఆయన్ని అడిగాడు.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నీళ్లగ్లాసు అందుకుని, తాగకుండానే కింద పెట్టాడు. నా వైపు చూశాడు. నేను కళ్లు దించలేదు. ఆ క్షణం కోసమే ఏడాదిగా బతికాను. ఎంత తియ్యగా ఉందో చెప్పడానికి నాకిప్పుడూ సిగ్గు లేదు.

ఆ తర్వాత పత్రిక వాళ్లు సవరణ వేశారు. మాట్లాడించింది నేనని, వదిలేసిన మాట ఇదని మొత్తం అచ్చువేశారు. ఆయనకు రావలసిన హెడ్ పదవి వేరొకరికి వెళ్లింది. జరిగిందంతా అప్పుడే అమ్మకు చెప్పాను, ఆ అబద్ధంతో సహా.

"ఆయప్పకు పరువు పోయిందా?" అంది.

"కొంచెం పోయింది."

"కొంచెమేనా?"

నా స్నేహితురాలు నా పరిశోధన లైబ్రరీలో చదివింది. పేరు లేకపోయినా, ఆ బాత్‌రూం పేజీలో తనను తాను పోల్చుకుంది. "నన్నొక మాట అడిగావా? నువ్వూ ఆయనలాంటిదానివే," అంది. క్షమించమని రెండుసార్లు వాళ్ల హాస్టల్‌కు వెళ్లాను. కిందికి దిగి రాలేదు. ఆమె విషయంలో నేను చేసింది తప్పే. ఆయన విషయంలో మాత్రం, ఇంకాస్త గట్టిగా కొట్టి ఉండాల్సిందని అనిపిస్తూ ఉంటుంది.