పిలుపు పేరు

మీరా సాహెబ్ గొంతు తాలూకాలో అందరికీ తెలుసు. కోర్టు వసారాలో నిలబడి ఆయన పేరు పిలిస్తే, రోడ్డవతల పూటకూళ్ళ ఇంట్లో అన్నం కలుపుకుంటున్న కక్షిదారు కూడా ఎంగిలిచేత్తో లేచి పరుగెత్తుకొచ్చేవాడు. పిలవడమే ఆయన ఉద్యోగం. భుజం మీంచి కోర్టు బిళ్ళ ఉన్న డవాలీ పట్టీ వేసుకుని, కాగితం చూసి మూడుసార్లు పిలవాలి. మూడోసారికీ మనిషి రాకపోతే లోపలికి వెళ్ళి గైరుహాజరని చెప్పాలి.

కోటప్పకొండ దేవుడికి మొక్కుకునే ఆ తాలూకాలో ఏ ఊరు చూసినా నలుగురైదుగురు యల్లమందలుంటారు. ఒట్టి పేరు పిలిస్తే అందరూ లేస్తారు. అందుకని ఆయన ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు ఏదీ వదిలేవాడు కాదు. ఆడమనిషయితే ఫలానావారి భార్య అనో, ఫలానావారి తల్లి అనో కలిపేవాడు.

ఇరవై ఆరేళ్ళు అలా గడిచాయి. యుద్ధం వచ్చాక కేసులు పెరిగాయి. రోజుకు అరవై డెబ్బై పేర్లు పిలవాల్సి వచ్చేది. ఇల్లు చేరేసరికి ఆయనలో మాటన్నది మిగిలేది కాదు. నీళ్ళు కావాలంటే చెంబు చూపించేవాడు. భార్య రబియాను చప్పట్లు కొట్టి పిలిచేవాడు.

"ఏంది, నోరు కోర్టులోనే మరిచిపోయి వచ్చావా? రేపు పోయినప్పుడు తెచ్చుకో" అనేది రబియా.

ఆ మాటకు మొదట్లో నవ్వేవాడు. తర్వాత్తర్వాత అదీ మానేశాడు.

నలభై అయిదులో కోర్టుకు కొత్త మునసబు గారు వచ్చారు. వచ్చిన వారంలోనే మీరా సాహెబ్‌ను పిలిచి, "పేరు చాలు. వంశవృక్షాలు చదవొద్దు. టైము పోతోంది" అన్నారు. దొర మాట. మీరా సాహెబ్ సరేనన్నాడు.

మార్చి నెలలో ఒకరోజు "చెన్నమ్మా" అని పిలిచాడు. ఎవరూ కదల్లేదు. రెండోసారి గొంతు పెంచాడు. మూడోసారికి వసారా కప్పు మీది పావురాలు లేచిపోయాయి. లోపలికి వెళ్ళి గైరుహాజరని చెప్పాడు. వకీలూ ఆ పూట రాలేదు, కేసు కొట్టేశారు.

మధ్యాహ్నం ఆయన కూజా దగ్గర నీళ్ళు తాగుతుంటే, పొద్దుటినుంచీ ఎదురుగా మెట్టు మీద కూర్చున్న ఒక ముసలామె లేచి వచ్చింది.

"అయ్యా, మమ్మల్ని ఎప్పుడు పిలుస్తారు?"

"నీ పేరేందమ్మా?"

ఆమె కాసేపు ఆలోచించింది. "చెన్నమ్మని రాశారంట మా వకీలు గారు. చిన్నప్పుడు మా అమ్మ పెట్టిన పేరు. మా ఊళ్ళో అందరూ పెదకోడలనే అంటారయ్యా. మా అత్త పోయి ఇరవయ్యేళ్ళయినా పెదకోడలే."

ఆయన నోట్లో నీళ్ళు నోట్లోనే ఉండిపోయాయి. మెట్టుకీ తాను నిలబడ్డ చోటుకీ నాలుగు బారల దూరం లేదు. కాగితంలో ఆమె కొడుకు పేరూ ఉంది, యల్లమంద తల్లి అని ఒక్క మాట కలిపి ఉంటే ఆమె లేచేది.

మరిది కలిపేసుకున్న ఎకరం మెట్ట కోసం వేసిన దావా అది. అర్జీ పెట్టుకుంటే కేసు మళ్ళీ తెరిచారు, ఆరేడు నెలలకు ఆ ఎకరం ఆమెకు దక్కింది కూడా. ఆ కబురు విన్నా మీరా సాహెబ్ మనసు కుదుటపడలేదు. ఆ రోజు నుంచి పేరు పిలవబోయే ముందు ఎదుట కూర్చున్న ప్రతి ఆడమనిషి ముఖమూ చూసేవాడు. వీళ్ళలో ఎవరికి తన పేరే తెలియదో అనుకునేవాడు. ఏడాది తిరక్కుండా పించనుకు అర్జీ పెట్టాడు.

"ఇంకా మూడేళ్ళుంది గదయ్యా, ఏమొచ్చింది నీకు?" అన్నాడు హెడ్ గుమాస్తా శేషగిరిరావు.

"గొంతు పోయింది బాబూ" అన్నాడు మీరా సాహెబ్. గొంతు పోలేదు. పేరంటేనే భయం పట్టుకుంది.

నాలుగు నెలలు ఇంటి అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దారిన పోయేవాళ్ళు సలాం చెబితే తలూపేవాడు. ఎవరినీ పేరు పెట్టి పలకరించేవాడు కాదు. ఎండలు ముదిరేసరికి పొడిదగ్గు పట్టుకుంది. రబియా ఊరుకోలేదు. "ఇట్టా కూర్చుంటే గోడకు మచ్చ పడుద్ది. లే" అని బండి కట్టించింది.

రెంటచింతల దాటాక ఒక పల్లెలో కన్యాస్త్రీలు సోమవారం, గురువారం మందులిచ్చేవారు. తాటాకు పందిరి కింద ఆడవాళ్ళే యాభై మంది ఉన్నారు. కాంపౌండరు కృపాదానం గడపలో నిలబడి చీటీలు చూసి పిలుస్తున్నాడు.

"తెరేజమ్మా."

ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచాడు. మూడోసారీ పిలిచి, చీటీ కట్ట అడుగున పెట్టేశాడు.

మీరా సాహెబ్ దగ్గు సంగతి మరిచిపోయాడు. అరవబోయి ఆగాడు. అరిస్తే ఏం లాభమో ఆయనకంటే తెలిసినవాళ్ళు లేరు. లేచి, పందిరి కింద ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, వంగి, మెల్లగా అడగడం మొదలుపెట్టాడు. "అమ్మా, నీకు గుళ్ళో పెట్టిన పేరేంది?"

తొమ్మిదో మనిషి, కంటికి గుడ్డ అదుముకున్న అవ్వ, తలెత్తింది. "గుళ్ళోనా? ఫాదరు తెరేజమ్మని పెట్టాడు నాయనా. ఆ పేరుతో నన్నెవరు పిలిచారు? ఇంట్లో, వాడలో అందరికీ బొట్టెనే."

"నీ వంతే అవ్వా. లే." చెయ్యి పట్టుకుని గడపదాకా తీసుకెళ్ళాడు.

కృపాదానం చిరాకుపడ్డాడు. "నేను గొంతు చించుకుంటుంటే వినపడలేదా ముసిలిదానికి?"

"వినపడింది బాబూ. పిలిచేది తననేనని తెలియలేదు."

లోపలినుంచి సిస్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అవ్వ కంట్లో మందు వేసేదాకా మీరా సాహెబ్ అక్కడే నిలబడ్డాడు. పందిరి కిందికి తిరిగి వచ్చి కూర్చున్నాక తెలిసింది, చాలా నెలల తర్వాత ఊపిరి తేలిగ్గా ఆడుతోందని.

గురువారం దగ్గు లేకపోయినా వెళ్ళాడు. సిస్టరమ్మను అడిగి ఒక పుస్తకం, పెన్సిలు తీసుకున్నాడు. పేరు పక్కన ఒక గీత గీసి, పైన "పిలుపు పేరు" అని రాశాడు. వచ్చినవాళ్ళ పక్కన చతికిలబడి అడిగేవాడు.

"ఇంట్లో నిన్నేమంటారమ్మా?"

"మా ఆయన ఒసే అంటాడు. అదే రాసుకో సాయిబూ" అంది ఒకామె. పందిరంతా ఘొల్లుమంది.

"ఒసేలు ఇప్పటికే ముగ్గురయ్యారు. ఇంకోటి చెప్పు తల్లీ" అన్నాడు మీరా సాహెబ్.

ఎవరినీ కేకేయాల్సిన పని లేదు. వంతు రాగానే లేచి వెళ్ళి, పక్కన నిలబడి, ఆమె ఎరిగిన పేరుతో పిలిచేవాడు. కృపాదానం కూడా చీటీలు ఆయన చేతికే ఇచ్చేసి, హాయిగా మందులు కలుపుకునేవాడు.

మరుసటి ఏడు వేసవి సెలవుల తర్వాత శేషగిరిరావు వెతుక్కుంటూ ఇంటికి వచ్చాడు. కొత్త బంట్రోతు గొంతు వసారా దాటడం లేదట. మునసబు గారు కూడా మారారట.

"కొన్నాళ్ళు వచ్చి నిలబడు సాయిబూ. నీ పద్ధతిలోనే పిలుచుకో, ఎవరూ అడ్డం చెప్పరు."

"సోమవారం, గురువారం తీరదు బాబూ."

"మిగతా రోజులు రా."

లోపల రబియా చాట ఆడించడం ఆపి వింటోంది.

"మిగతా రోజులు పనేమీ లేదు" అన్నాడు మీరా సాహెబ్ నవ్వుతూ. "అవి అట్టాగే ఖాళీగా ఉండనీ బాబూ."

శేషగిరిరావుకు మజ్జిగ ఇమ్మని లోపలికి చెప్పి, ఆయన కూర్చోవడానికి మంచం వాల్చాడు.